పంచిన ప్రోగ్రాము ఎవరి సొత్తు? గుహ ఆట నుంచి పోతన ఫాంటు దాకా ఒక సమీక్ష

సరదాగా రాసుకున్న ప్రోగ్రామును పదిమందికీ పంచడం మంచిదేనా అంటే కాదనేవాళ్ళు దాదాపు ఉండరు. ఏ షరతు మీద పంచాలి, మార్చుకునే హక్కు ఎవరికివ్వాలి, రాసినవారు తప్పుకున్నాక ఎవరు చూసుకోవాలి అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. యాభై ఏళ్ళుగా సాగుతున్న ఈ చర్చలో ధర, అనుమతి, భద్రత అనే మూడు వేర్వేరు ప్రశ్నలు పెనవేసుకుపోయాయి. ఒకరు ధర గురించి అడిగితే ఇంకొకరు అనుమతి గురించి జవాబు చెబుతున్నారు. మూడోదాన్ని, అంటే భద్రతను, పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

ఈ మూడింటినీ విడదీసి చూడటానికి రెండు చరిత్రలు పనికొస్తాయి. ఒకటి కంప్యూటర్ తొలినాళ్ళ టెక్స్ట్ అడ్వెంచర్ ఆటలది. బొమ్మలుండవు; తెర మీద వర్ణన వస్తుంది, ఆడేవారు మాటల్లో ఆజ్ఞ టైపు చేస్తారు, కథ ముందుకు కదులుతుంది. రెండోది తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ ఎక్కించడానికి ఔత్సాహికులు రాసి పంచిన ఫాంట్లు, కీబోర్డులు, లిప్యంతరీకరణ పరికరాలది. మొదటిది అమెరికా విశ్వవిద్యాలయాల్లో పుట్టింది. రెండోదానిలోని ఒక ముఖ్యమైన ఫాంటు పేరు మాత్రం నేరుగా జనగామ జిల్లా బమ్మెరకు తీసుకొస్తుంది.

## చర్చ మొదలైన చోటు

1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకు రాసిన బహిరంగ లేఖ హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ పత్రికలో వచ్చింది. తమ ఆల్టెయిర్ బేసిక్‌ను చాలామంది డబ్బివ్వకుండా నకలు తీసుకుంటున్నారని, ఇలాగైతే మంచి సాఫ్ట్‌వేర్ రాయడానికి ఎవరు ముందుకొస్తారని ఆయన నిలదీశారు. దాదాపు అదే సమయంలో డెన్నిస్ అలిసన్ ప్రతిపాదించిన టైనీ బేసిక్‌ను ఔత్సాహికులు ఎవరికి వారు రాసి, మూలకోడుతో సహా పత్రికల్లో అచ్చువేసి పంచుకున్నారు. ఆ రెండు దృక్పథాలూ నేటికీ ఎదురెదురుగానే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ తన కూతుళ్ళ కోసం ఒక ఆట రాశారు. ఇంటర్నెట్‌కు ముందటి నెట్‌వర్కు అర్పానెట్ నిర్మాణంలో పాలుపంచుకున్న ఆయనకు గుహలు తిరగడమంటే ఇష్టం. కెంటకీలోని మామత్ గుహల సర్వేలో స్వయంగా పాల్గొన్నారు. ఆ గుహ నిర్మాణాన్నే ఫోర్ట్రాన్‌లో ఆటగా మలిచారు. అదే 'కొలాసల్ కేవ్ అడ్వెంచర్'. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ కంటికి ఆ ఆట పడింది. క్రౌథర్ చిరునామా తెలియక, ఆ పేరు మీద నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరుకూ సందేశం పంపి, జవాబు వచ్చాక మూలకోడు తెప్పించుకున్నారు. నిధులు, పాయింట్లు, మాయలు చేర్చి 1977లో 350 పాయింట్ల ఆటగా విస్తరించారు. అక్కడి నుంచి అది టేపుల మీద, నెట్‌వర్కుల మీద ప్రయాణం చేసింది.

ఇందులో లైసెన్సు లేదు, ధర లేదు. ఉన్నదల్లా అడిగి తీసుకునే మర్యాద, మూలకోడు చేతికివ్వడం. ఆనాటి సమాజం చిన్నది కాబట్టి అది సరిపోయింది.

## ఆటలు నడిచిన రెండు దారులు

అడ్వెంచర్ ఆడిన ఎంఐటీ ప్రోగ్రామర్లు టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ 1977లో 'జోర్క్' మొదలుపెట్టారు. వారిలో కొందరు మరికొందరితో కలిసి 1979లో ఇన్ఫోకామ్ సంస్థ పెట్టారు. 1980 నుంచి జోర్క్ అంగళ్ళలో అమ్ముడుపోయింది. వేర్వేరు కంప్యూటర్ల మీద ఒకే కథా ఫైలు నడిచేలా వారు రూపొందించిన జెడ్-మెషీన్ ఆ వ్యాపారానికి వెన్నెముక. బొమ్మల ఆటలు పెరిగాక పరిస్థితి మారింది. 1986లో యాక్టివిజన్ ఆ సంస్థను కొన్నది, 1989లో మూసేసింది.

సంస్థ మూతపడినా ఆట చావలేదు. ఔత్సాహికులు జెడ్-మెషీన్ ఎలా పనిచేస్తుందో విప్పి చూసి సొంత ఇంటర్‌ప్రెటర్లు రాశారు. 1993లో గ్రాహం నెల్సన్ 'ఇన్ఫార్మ్' భాషను ఉచితంగా విడుదల చేశారు. దానితో ఎవరైనా ఇన్ఫోకామ్ తరహా ఆట రాయగలిగారు. 1992లో ఏర్పడిన ఇంటరాక్టివ్ ఫిక్షన్ ఆర్కైవ్ ఆటలను, పరికరాలను ఒకచోట భద్రపరిచింది. 1995 నుంచి ఏటా పోటీ జరుగుతోంది. ఇటీవల, 2025 నవంబరులో, యాక్టివిజన్‌ను కొన్న మైక్రోసాఫ్ట్ జోర్క్ మొదటి మూడు భాగాల మూలకోడును ఎంఐటీ లైసెన్సు కింద బహిరంగపరిచింది. అమ్మకానికి వచ్చిన నలభై అయిదేళ్ళకు ఆ ఆట చట్టబద్ధంగా అందరిదైంది.

ఉచితంగా తిరిగిన అడ్వెంచర్ కథ కూడా నల్లేరు మీద నడక కాదు. క్రౌథర్ తొలి రూపం మూలకోడు చాలాకాలం కనిపించకుండా పోయింది. 2005లో స్టాన్‌ఫర్డ్‌లోని వుడ్స్ పాత ఖాతా బ్యాకప్పులో దొరికింది. 2007లో డెన్నిస్ జెర్జ్ పరిశోధనతో వెలుగులోకి వచ్చింది. రాతపూర్వకమైన స్వేచ్ఛా లైసెన్సు మరీ ఆలస్యం. రచయితల అనుమతితో ఎరిక్ రేమండ్ 2017లో బీఎస్‌డీ లైసెన్సు కింద ఆధునిక రూపాన్ని విడుదల చేశారు. అంటే నలభై ఏళ్ళ పాటు ఆ ఆట నోటిమాట మీదే బతికింది.

## తెలుగు అనుభవం

ఆటల వారికి లేని అడ్డంకి తెలుగువారికి ఉంది: అక్షరమే కంప్యూటర్లో లేదు. ఇస్కీ ప్రమాణం, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, సీడ్యాక్ జిస్ట్ పరిజ్ఞానం 1980లలో వచ్చాయి కానీ ఇంట్లో కంప్యూటరున్న మామూలు మనిషికి అందుబాటులోకి రాలేదు. ఆ ఖాళీని విదేశాల్లోని తెలుగు విద్యార్థులు, ఇంజినీర్లు తమ తీరిక వేళల్లో పూరించారు. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగును స్పష్టంగా రాసుకునే దారి చూపింది. టెక్ (TeX) అనే అక్షరకూర్పు వ్యవస్థ వాడేవారికి ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణ్‌కుమార్‌ల తెలుగుటెక్ దొరికింది. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు చోటు దక్కింది. మామూలు కంప్యూటర్లలో అది పనిచేయడానికి మాత్రం గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 దాకా ఆగాల్సి వచ్చింది.

కెనడాలో ఉండే తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు ఈ దశలోనివి. మొదటి ఫాంటుకు పేరిచ్చిన కవి పోతన ఊరు బమ్మెర ఇవాళ జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. ఈ ఫాంట్లు ఉచితంగా దిగుమతి చేసుకోవడానికే పరిమితం కాలేదు. జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉండటం వల్ల ఫెడోరా వంటి లినక్స్ పంపిణీల్లో భాగమయ్యాయి. ఆ తర్వాత వెన్న నాగార్జున 'పద్మ' వార్తాపత్రికల సైట్ల సొంత ఫాంట్ల పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చింది. వీవెన్ 'లేఖిని' ఆర్‌టీఎస్ పద్ధతిలో టైపు చేస్తే తెలుగు చూపించింది. 2003 డిసెంబరులో నాగార్జునే మొదలుపెట్టిన తెలుగు వికీపీడియాలో రాయడానికి ఇలాంటి పరికరాలే చేయూతనిచ్చాయి. హైదరాబాదు కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెలుగులోకి తేవడానికి పూనుకుంది. 2010లలో సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మల్లన్న, మండలి, సూరన్న, తిమ్మన వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లోకి చేరాయి.

దీనికి సమాంతరంగా ఇంకో దారి నడిచింది. డీటీపీ దుకాణాలు, చిన్న ప్రెస్సులు, ప్రచురణకర్తలు అను, శ్రీలిపి వంటి వాణిజ్య ఫాంట్ల మీద ఆధారపడ్డారు. పెళ్ళిపత్రిక నుంచి కవితా సంకలనం దాకా రెండు దశాబ్దాల తెలుగు అచ్చు వాటి మీదే నడిచింది. అందమైన అక్షరాలు, స్థిరమైన కీబోర్డు, మరమ్మతుకు మనిషి: ఇవి ఆ దారి ఇచ్చిన మేలు. ఆ ఫాంటు లేకపోతే ఫైలు చదవడానికి వీల్లేకపోవడం దాని మూల్యం.

## నాలుగు వాదాలు

యజమాని వాదం. శ్రమకు ఫలం దక్కకపోతే నాణ్యత నిలవదన్నది దీని సారం. తెలుగు అక్షరాలకు ఫాంటు గీయడం తేలిక పని కాదు. గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు వందల రూపాలు కోరతాయి. ఆ పనిని జీతం లేకుండా ఎన్నాళ్ళు చేస్తారని ఈ వాదం అడుగుతుంది. చిన్న విపణిలో నకళ్ళు పెరిగితే దెబ్బతినేది పెద్ద కంపెనీ కంటే ముందు ఊళ్ళోని చిన్న సంస్థే.

దాత వాదం. ఇష్టంతో చేశాను, వాడుకోండి, అమ్ముకోకండి అనేవారు ఇక్కడివారు. ఫ్రీవేర్ అంతా దాదాపు ఈ కోవదే. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్మన్, జిమ్ నాఫ్‌లు మొదలుపెట్టిన షేర్‌వేర్ దీనికి పక్కింటి పద్ధతి: ముందు వాడి చూడండి, నచ్చితే డబ్బు పంపండి. ఉదారతకు లోటు లేదు. అయితే మూలకోడు రచయిత దగ్గరే ఉండిపోతుంది. ఆయన మానేస్తే ప్రోగ్రాము అక్కడితో ఆగిపోతుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదం. 1983లో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, 1989 నాటి జీపీఎల్ దీనికి పునాది. వాడే, చదివే, మార్చే, పంచే హక్కులు రాతపూర్వకంగా అందరికీ ఉండాలి, మార్చినవారు కూడా అవే హక్కులు ముందుకు అందించాలి అంటుంది. ఈ వాదంలో అమ్మకం తప్పు కాదు, తాళం వేయడమే తప్పు. విమర్శ కూడా బలమైనదే: హక్కు ఉన్నంత మాత్రాన పని చేసే మనుషులు రారు, స్వచ్ఛంద సేవకుల ఓపిక మీద నడిచే ప్రాజెక్టులు ఎన్నో మధ్యలోనే ఆగిపోయాయి.

ప్రజాధనం వాదం. భాష అందరిదీ కాబట్టి దాని పరికరాల ఖర్చు ప్రభుత్వమే భరించాలన్నది నాలుగోది. కేంద్రం టీడీఐఎల్ కార్యక్రమం కింద 2005 నుంచి భారతీయ భాషల ఫాంట్లు, పరికరాలు ఉన్న సీడీలను ఉచితంగా పంచింది. 2015లో ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్ వాడకంపై విధానం ప్రకటించింది. ప్రభుత్వానికి ఉన్న వనరులు ఇంకెవరికీ లేవు. కానీ పంపిణీ చేసిన దానికీ, ఏళ్ళ తరబడి మెరుగుపరిచే దానికీ మధ్య దూరం చాలా ఉంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

మన మూడు ప్రశ్నలకూ నాలుగు వాదాల జవాబులు ఇలా ఉంటాయి.

- యజమాని వాదం: ధర ఉంది, అనుమతి పరిమితం, భద్రత సంస్థ బతికున్నంత వరకే.
- దాత వాదం: ధర లేదు, వాడుకకు అనుమతి ఉంది, మార్చడానికి లేదు, భద్రత రచయిత ఆసక్తి ఉన్నంత వరకే.
- స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదం: ధర ఉండవచ్చు, లేకపోవచ్చు, అనుమతి పూర్తిగా, రాతలో ఉంది, భద్రతకు అవకాశం ఉంది, హామీ లేదు.
- ప్రజాధనం వాదం: వాడేవారికి ధర లేదు; అనుమతి ఒక్కో పరికరానికి ఒక్కో రకం; భద్రత బడ్జెట్టును బట్టి.

వీటి వల్ల తేలేది ఒకటుంది. మన దగ్గర వాదోపవాదాలు ఎక్కువగా ధర చుట్టూ తిరిగాయి. ఒక ప్రోగ్రాము దీర్ఘాయువును నిర్ణయించింది మాత్రం ధర కాదు. జోర్క్‌ను అమ్మారు, అయినా నిలిచింది, దాని ఇంజను పనితీరును ఔత్సాహికులు బహిరంగం చేశారు కాబట్టి. ఆర్‌టీఎస్ నిలిచింది, పద్ధతి అందరికీ తెలిసినది, ఎవరైనా కొత్తగా రాసుకోగలిగినది కాబట్టి. పోతన2000 విండోస్ దాటి లినక్స్‌కు చేరింది, అనుమతి రాతలో ఉంది కాబట్టి.

ఈ విషయంలో మన సాహిత్యమే మనకు పాత పాఠం. పోతన భాగవతంలో లుప్తమైన భాగాలను గంగన, సింగన, నారయలు పూరించారు. ఎవరు ఏ స్కంధం రాశారో ఆ స్కంధం చివరి గద్యే చెబుతుంది. మూలం చేతిలో ఉంది, పూరించే స్వేచ్ఛ ఉంది, ఎవరి పేరు వారికి దక్కింది.

## చట్టం ఎంతవరకు తోడొస్తుంది

భారత కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా లెక్కిస్తుంది. రచయిత జీవితకాలం, ఆపై అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. 1985లో ఒక యువకుడు రాసిన చిన్న ఆట మీద కూడా వచ్చే శతాబ్దం దాకా హక్కు కొనసాగే వీలుంది. ఆ ఆట నడిచే యంత్రం మాత్రం పదేళ్ళలో పాతసామాను కొట్టుకు పోతుంది. ఎవరూ అమ్మని, ఎవరూ అడగని పాత ప్రోగ్రాములను పంచుకోవడం నేరమా, సంరక్షణా అనే తగువు ఇక్కడే పుడుతుంది. 'ఎవరూ పట్టించుకోవడం లేదు' అనేది చట్టం దృష్టిలో అనుమతి కాదు.

సెక్షన్ 52 కొంత వెసులుబాటు ఇస్తుంది: సక్రమంగా పొందిన ప్రతికి బ్యాకప్ తీసుకోవచ్చు, వేరే ప్రోగ్రాములతో కలిసి పనిచేయించడానికి అవసరమైన సమాచారం రాబట్టవచ్చు, వ్యాపారేతర సొంత వాడకానికి నకలు చేసుకోవచ్చు. సెక్షన్ 21 ప్రకారం రచయిత తన హక్కును స్వయంగా వదులుకోవచ్చు. ఇవన్నీ ఉపయోగకరమే. కానీ ఒక ఊరి గ్రంథాలయం పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌ను నిశ్చింతగా భద్రపరిచి పంచడానికి ఇవి చాలవు.

## తెలుగులో టెక్స్ట్ అడ్వెంచర్ సాధ్యమేనా?

మన రెండు చరిత్రలూ కలిసే చోటు ఇది. ఆజ్ఞ ఇచ్చి ఆడే ఆటకు తెలుగు వ్యాకరణం అనువైనదా అనే ప్రశ్నకు రెండు జవాబులున్నాయి.

కష్టమనేవారి వాదన: తెలుగులో క్రియ చివర వస్తుంది, నామానికి విభక్తి అతుక్కుంటుంది, సంధి మాటల హద్దులు చెరిపేస్తుంది. 'దీపం తీసుకో', 'దీపాన్ని తీస్కో', 'దీపం పట్టుకో' మూడూ ఒకటేనని యంత్రానికి నేర్పాలి. వీలవుతుందనేవారి వాదన: పాత అడ్వెంచర్ ప్రతి మాటలో మొదటి ఐదు అక్షరాలే చూసేది. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే 'దీపం', 'దీపాన్ని' రెండింటికీ మొదటి ఐదు అక్షరాలు ఒకటే అవుతాయి. 'పుస్తకం', 'పుస్తకాన్ని' కూడా అంతే. విభక్తి మాట చివర చేరుతుంది కాబట్టి కత్తిరింపు దానంతటదే సగం పని చేస్తుంది. చిక్కల్లా ఔపవిభక్తికాలతో: 'ఇల్లు' కాస్తా 'ఇంటిని', 'రాయి' కాస్తా 'రాతిని' అయితే ఈ ఉపాయం చెల్లదు. అవి లెక్కపెట్టదగినవే కాబట్టి పట్టిక రాసుకోవచ్చు.

ఇన్ఫార్మ్ రచయిత భాషా నియమాలను విడి ఫైలుగా ఉంచడం వల్ల స్పానిష్, ఇటాలియన్, జర్మన్ ఔత్సాహికులు తమ భాషలకు ఆ ఫైలు రాసుకున్నారు. తెలుగుకూ ఆ దారి తెరిచే ఉంది. 2022లో ఇన్ఫార్మ్ 7 మూలకోడు కూడా బహిరంగమైంది. ఆజ్ఞల బాధే వద్దనుకుంటే, 2009లో క్రిస్ క్లైమస్ విడుదల చేసిన ట్వైన్‌లో లంకెలు నొక్కే కథలు యూనికోడ్ తెలుగులో ఈరోజే రాయవచ్చు. అయితే అది వేరే రకం ఆట. ఆడేవారు తమ మాటల్లో ఆలోచించే సుఖం అందులో తగ్గుతుంది.

2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ నుంచి ఏర్పడిన ఐదు జిల్లాల్లో ఇలాంటి ఆటకు సరంజామా కొదవలేదు. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టల్లో రాతి ఆవాసాలు, ప్రాచీన చిత్రాలు ఉన్నాయి. గణపురంలో కోటగుళ్ళున్నాయి. మహబూబాబాద్ జిల్లాలో కాకతి మైలాంబ బయ్యారం చెరువు శాసనం కాకతీయుల వంశక్రమం చెబుతుంది. క్రౌథర్ ఆటకు బలం నిజమైన గుహ పటం నుంచి వచ్చింది. బడి పిల్లలు తాము నడిచి చూసిన గుట్టను ఆటగా రాస్తే ఆ బలమే వస్తుంది. మహబూబాబాద్ తండాల లంబాడీని, ఈ అడవి ప్రాంతపు కోయను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తుంటారు. కాబట్టి తెలుగు ఫాంటుకు, కీబోర్డుకు ఇచ్చిన స్వేచ్ఛ ఆ భాషలకూ చెందుతుంది. ఆటలో 'చూడు' తో పాటు 'జూడు' ను, తండా పిల్లల మాటను కూడా చేర్చుకోవాలంటే మూలకోడు వారి చేతికి రావాల్సిందే.

## ఇంకా తేలనివి

మొదటిది, పాత ఫైళ్ళు. 1990లు, 2000లలో వాణిజ్య ఫాంట్లలో కూర్చిన స్థానిక చరిత్రలు, స్మరణికలు, కవితా సంపుటాలు హార్డ్ డిస్కుల్లో మూలుగుతున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలను ఎవరు చూసుకోవాలో నిర్ణయం కాలేదు.

రెండోది, నిర్వహణ ఖర్చు. లైసెన్సు హక్కు ఇస్తుంది, వేతనం ఇవ్వదు. విశ్వవిద్యాలయాలా, అకాడమీలా, దాతలా, ఎవరు భరించాలన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు.

మూడోది, షరతు ఎంత గట్టిగా ఉండాలి. మార్చి పంచేవారు కూడా అవే హక్కులు ఇచ్చి తీరాలన్న జీపీఎల్ మంచిదా, పేరు నిలిపితే చాలన్న ఎంఐటీ, బీఎస్‌డీ మంచివా? మొదటిది ఉమ్మడి సొత్తును కాపాడుతుంది, రెండోది వాడకాన్ని విస్తరిస్తుంది. చిన్న భాషకు ఈ రెంటిలో ఏది ఎక్కువ అవసరమో అనుభవం ఇంకా తేల్చలేదు.

నాలుగోది, భాండాగారం. ఆటలకు ఆర్కైవ్ ఉన్నట్టు తెలుగు ఔత్సాహిక సాఫ్ట్‌వేర్‌కు ఒకే చోటు ఉండాలా, లేక పదిచోట్ల నకళ్ళు ఉండటమే క్షేమమా అన్నది తేలాలి.

## సమీక్ష సారం

నాలుగు వాదాల్లో ఏదీ పూర్తిగా కొట్టివేయదగినది కాదు. శ్రమకు విలువ కట్టడం న్యాయం, ఇష్టంతో ఇవ్వడం గొప్ప, ప్రభుత్వ సాయం అవసరం. కానీ యాభై ఏళ్ళ చరిత్ర ఒకవైపే మొగ్గు చూపుతోంది: రచయితను వెతికి పట్టుకుని అడగగలిగినంత చిన్న సమాజంలో నోటిమాట చాలింది, సమాజం పెరిగాక, రచయిత అందకుండా పోయాక రాసిపెట్టిన అనుమతి, బయట ఉన్న మూలకోడు మాత్రమే ప్రోగ్రామును నిలబెట్టాయి.

కనుక ఇవాళ హనుమకొండ హాస్టల్లోనో, జనగామ కళాశాలలోనో కూర్చుని తెలుగు ఆట, ఫాంటు, మార్పిడి పరికరం రాసే యువతీయువకులు ధర సంగతి తమ ఇష్టానికి వదిలేసుకోవచ్చు. ఫైలుతో పాటు మూడు మాత్రం తప్పక ఉంచాలి: రాసినవారి పేరు, ఇతరులు ఏం చేయవచ్చో చెప్పే లైసెన్సు, మూలకోడు. అమ్మదలచినవారు కూడా, తాము మానేసిన రోజున ఈ మూడూ బయటికి వస్తాయని ముందే రాసిపెట్టవచ్చు. ఇందుకు ఖర్చు లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. మన తరువాతి తరం మన పనిని కొనసాగించాలా, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలా అన్నది ఈ చిన్న జాగ్రత్త మీదే ఆధారపడి ఉంది.